డాలు మోసినవాడు

నోటికి మాటనూ, మాటకు నవ్వునూ ఇచ్చిన దేవునికి స్తోత్రం. ఎవరికి ఎంత ఇవ్వాలో ఆయనకే తెలుసు. నాకు కొంచెం తక్కువే ఇచ్చాడని ఇన్నేళ్లుగా అనుకుంటున్నాను. అయినా స్తోత్రం ఆపలేదు.

తొంభైల్లో ఒక వేసవిలో, నేనూ మా చర్చి సంఘంలోని స్నేహితుడూ నారాయణగూడలో తెలుగులోకి డబ్ చేసిన ఇంగ్లీషు సినిమా చూశాం. హీరో ఆకాశంలో ఎగురుతాడు, కూలిపోయే వంతెనను భుజంతో ఆపుతాడు. నేను ఊపిరి బిగబట్టి చూశాను. స్నేహితుడు మాత్రం ఆ హీరో ఉండే మేడ కింది వాచ్‌మన్‌నే చూశాడు. హీరో కిటికీలోంచి ఎగిరిపోతాడు కనుక, అతను మెట్లు దిగడం ఎన్నడూ చూడని ఆ ముసలివాడికి, అసలు గదే దాటడేమోనని బెంగ.

చిక్కడపల్లి దాకా నడిచినంతసేపూ స్నేహితుడు ఆ వాచ్‌మనే అయిపోయాడు. "సార్, గట్ల రూములనే కూసుంటే కాళ్లు పట్టుకపోతయి. జర కిందికొచ్చి గాలి పీల్చుకోండ్రి." చాయ్ హోటల్లో పక్క బల్లవాళ్లు కూడా నవ్వారు. నేను వంతెన సంగతి ఎత్తబోతే వాళ్లే ఆపారు. "నువ్వాగన్నా. వాచ్‌మన్ ఏమన్నడో చెప్పనీ."

మరుసటి వారం అశోక్‌నగర్‌లోని మా మందిరంలో పిల్లలకు సెలవుల బైబిలు తరగతులు. చివరి రోజు సంఘమంతటి ముందు కథ చెప్పే అవకాశం ఒక్కరికే. అది నాకు రావాలని ఉపవాసం కూడా ఉన్నాను. పాస్టరు అయ్యగారు మా ఇద్దరినీ పిల్లల ముందు నిలబెట్టి ఒకే కథ చెప్పమన్నారు. గొర్రెలు కాసే కుర్రవాడు వడిసెలతో కొండంత యోధుణ్ణి పడగొట్టిన కథ.

నేను బైబిలు వాక్యంలో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. వాగు, నున్నని రాళ్లు, నుదుటి మీద దెబ్బ. పిల్లలు చాపల పుల్లలు పీకుతూ కూర్చున్నారు.

స్నేహితుడు ఆ యోధుడి ముందు డాలు మోస్తూ నడిచే మనిషితో మొదలుపెట్టాడు. వాక్యంలో ఆ మనిషి గురించి ఉన్నది ఒక్క ముక్క. అది నాకు కంఠతా వచ్చు గాని, ఆ మనిషి ముఖం ఎన్నడూ ఊహించలేదు.

"అన్నా, గా పోరనికి కత్తి గూడ లేదు. రాళ్లేరుకుంటుండు, ఆడుకోనీకి వచ్చిండేమో. ఇంటికి పోదమా? ఈ డాలు మోసి మోసి నా భుజం పోయింది."

పిల్లలు దొర్లి దొర్లి నవ్వారు. అప్పుడతను గొంతు తగ్గించాడు. రాయి డాలు మీదుగా దూసుకుపోయింది. వెనక దబ్బుమని చప్పుడు. డాలు మోసేవాడికి తిరిగి చూడాలంటే భయం. "అన్నా... ఉన్నవా?"

ఒక్క పిల్లవాడూ కదల్లేదు. మనలాంటి పిరికివాడొకడు పక్కన నిలబడి చూశాడు గనుక, ఆ కుర్రవాడి గెలుపు నా కథలోకంటే అతని కథలోనే పెద్దదైంది. అది అర్థమయ్యాక నాకు మంట ఇంకా పెరిగింది.

అయ్యగారు అతన్నే ఎంచారు. నాతో, "నువ్వు డాలు పట్టుకో, నాయనా" అన్నారు. చివరి రోజు అట్ట డాలుతో అతని పక్కన నిలబడ్డాను. నా ముఖంలో భయం బాగా పలికిందని అందరూ మెచ్చుకున్నారు. అది భయం కాదు.

అప్పటి పిల్లలు చిక్కడపల్లి మార్కెట్లో ఇప్పటికీ నన్ను "డాలన్నా" అని పిలిచి ఆపుతారు. ఆపి, అతనెట్లున్నడని అడుగుతారు.

చదువుతున్న మీరూ నాతో కలిసి ఈ ఒక్క మాట ప్రార్థించండి. ప్రభువా, పక్కవాడి మాటకు లోకం నవ్వినప్పుడు, మాకూ నవ్వు వచ్చేటట్టు చెయ్యి. ఆమేన్.