గిటారు బాబాయి సన్మానం

యుద్ధం సాగుతున్న ఆ రోజుల్లో మా నరసరావుపేటలో దొరకనివి మూడు: కిరసనాయిలు, పంచదార, బి.ఏ. ప్యాసైనవాడికి ఉద్యోగం. మొదటి రెండింటికీ రేషను కార్డన్నా ఉండేది. మూడోదానికి అదీ లేదు. గుంటూరు కాలేజీలో పట్టా పుచ్చుకుని వచ్చిన నేను పొద్దున పూట మా మేనమామ ఇంటి అరుగు మీదా, సాయంత్రం పూట సైకిళ్ళు బాగుచేసే సాయిబుగారి కొట్టు బల్ల మీదా కూర్చుని, దేశానికి నా అవసరం ఎప్పుడు పడుతుందా అని ఎదురుచూస్తుండేవాణ్ణి. దేశం తొందరపడలేదు. చదువుకుని ఖాళీగా ఉన్నవాడు పరువు పోకుండా చెయ్యగలిగిన పని ఒకటే ఉంది, ఎవరో ఒకరికి సన్మానం చెయ్యడం. (చేయించుకోవడానికి వయసు చాలదు.) అట్లా నా కన్ను గిటారు బాబాయి మీద పడింది.

బాబాయి మిషను బడిలో వడ్రంగం నేర్పే మేష్టారు. నాకు చుట్టమేమీ కాదు, మా వీధి చివర ఇల్లు గనక బాబాయి. ఎప్పుడో ఒక దొరగారు స్వదేశం వెళ్ళిపోతూ పగిలిన తన గిటారుని చర్చిలో వదిలేసి పోతే, సంఘ పెద్దలు దాన్ని బాగుచెయ్యమని బాబాయికిచ్చారు. బాబాయి బంక పెట్టి అతికించి, అతుకు నిలిచిందో లేదో చూద్దామని ఒక తీగె మీటాడు. అంతే, తరవాత పాతికేళ్ళపాటు ఊరు ఆయన్ని ఆ తీగె వదలనివ్వలేదు. గిటారు ఎట్లా పట్టుకోవాలో చెప్పేవాళ్ళు లేరు గనక, చిత్రిక పట్టబోయే చెక్కలాగా దాన్ని ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టి, నున్నటి ఇనప గొట్టం ముక్కని తీగెల మీద అటూ ఇటూ జరుపుతూ వాయించేవాడు. (అట్లా వాయించే దేశాలు సముద్రాల అవతల ఉన్నాయని నేనెక్కడో చదివి చెబితే, "అయితే వాళ్ళక్కూడా చెప్పేవాళ్ళు లేరన్నమాట" అన్నాడు.) యుద్ధం వచ్చి తీగెల సరఫరా ఆగిపోయాక, నేను చెప్పిన సాయిబుగారే, ఊరందరికీ ఆయన సైకిల్ మామ, బ్రేకు వైరు పురి విప్పి ఒక్కో పోగూ తీసిచ్చేవాడు. ఆ రోజుల్లో మా పేటలో కొన్ని సైకిళ్ళు ఆగకపోవడానికి కారణం సంగీతం.

ఆయన వాయించని చోటు లేదు. ఆదివారం చర్చిలో, శనివారం భజన సమాజంలో, మధ్యలో హిందువుల పెళ్ళిళ్ళలో, సాయిబుల పెళ్ళిళ్ళలో, మాచర్లలో నాటకానికి, గురజాలలో హరికథకి. ఒకరోజు పొద్దున స్వరాజ్యం వాళ్ళ ఊరేగింపులో వాయించి, అదే సాయంత్రం తాసీల్దారుగారి యుద్ధ నిధి సభలో వాయించాడు. రెండు చోట్లా శృతి తప్పలేదు. "నిన్న ఏం వాయించావు బాబాయ్?" అని అడిగితే, "ఏమో బాబూ, వాళ్ళు పాడిందే" అనేవాడు. పల్నాడులో ఆ కాలాన ఎవరు నోరు తెరిచినా ఆ నోటి వెనక బాబాయి ఉన్నాడని చెప్పడం అతిశయోక్తి కాదు.

వాయించే పద్ధతి మాత్రం ఆయనకే చెల్లింది. పాడేవాడికన్నా ఒక వెంట్రుకవాసి వెనక నడిచేవాడు. పాడేవాడు ఊపిరి తీసుకునే చోట చిన్న పలుకు పలికించి, వాడు మళ్ళీ అందుకోగానే చప్పున తప్పుకునేవాడు. పాడేవాడి గొంతు జారితే ఆ గొట్టం ముక్కా దాంతోపాటే జారేది. దాంతో వినేవాళ్ళకి గాయకుడు సరిగ్గానే ఉన్నట్టూ, హార్మోనియమే తప్పినట్టూ తోచేది. (మా హార్మోనిస్టుకి బాబాయంటే గిట్టకపోవడంలో అన్యాయమేమీ లేదు.) మా ఊళ్ళో జవుళి కొట్టాయన నాటకాల్లో రాజు వేషాలు వేసేవాడు, అందరం రాజుగారనే పిలిచేవాళ్ళం. ఒకసారి నిండు సభలో రాజుగారు పద్యం మరిచిపోతే, వెనకనున్నవాళ్ళు పుస్తకంలో పేజీ వెతికిందాకా బాబాయి తీగె సాగదీస్తూనే ఉన్నాడు. మర్నాడు ఊరంతా ఒకటే మాట: "పద్యాలదేముంది, ఆ మౌనంలో ఉందయ్యా రాజసం!"

సన్మానం సంగతి చెబుదామని వాళ్ళింటికి వెళితే బాబాయి సిగ్గుపడి రంపం వెతుక్కుంటూ దొడ్లోకి పోయాడు. అసలు మాట పిన్ని చెప్పింది.

"ఊరందరి పాటా వాయించాడయ్యా మీ బాబాయి. ఈయన పాటేందో కట్టుకున్నదాన్ని నేనే ఎరగను. ఎవరన్నా 'బలే పాడారండీ' అని వాళ్ళకి చెబుతారు గాని, ఈ మనిషి ఒకడున్నాడని చూస్తారా? ఒక్క గ్రామఫోను ప్లేటు మీదన్నా ఈయన చెయ్యి పడితే చాలు. నాకింకేం వద్దు."

"నువ్వూరుకోవే" అని దొడ్లోంచి వినిపించింది. కాని ఆ గొంతులో 'ఊరుకో' అన్న భావం లేదు.

నాకు వెంటనే దారి తోచింది. మా ప్లీడరుగారి బావమరిది మద్రాసులో ఒక గ్రామఫోను కంపెనీలో వాద్యగాళ్ళని కుదిర్చే ఉద్యోగి. అక్కగారిని చూడ్డానికి ఆ వారమే పేటకి వస్తున్నాడు. ప్లీడరుగారిని సభకి అధ్యక్షుణ్ణి చేస్తే బావమరిది తనంతట తానే ముందు వరసలో కూర్చుంటాడు. బాబాయి ఒంటరిగా ఒక్కటి వాయిస్తే చాలు, ఆయన చెవిన పడుతుంది, మద్రాసు ఖాయం. ఆదివారం మధ్యాహ్నం మిషను బడి హాల్లో సభ. సాయంత్రం బండికి మద్రాసాయన ప్రయాణం. ఏర్పాటులో ఎక్కడా లోపం లేదని ఆ రోజు దాకా నా నమ్మకం.

లోపం ప్రార్థన గీతం దగ్గర బయటపడింది. బాబాయికి దండ వేసి, శాలువా కప్పి, అధ్యక్షుడి పక్క కుర్చీలో కూర్చోబెట్టాం. భజన సమాజం పెద్ద, మేం భజన తాత అనేవాళ్ళం, ప్రార్థన పాడ్డానికి లేచి, గొంతు సవరించుకుని, అటూ ఇటూ చూసి, నా వైపు వేలు చూపించాడు.

"ఒరేయ్ బియ్యే, పక్కవాద్యం ఏదిరా?"

నేను వెతికాను. హార్మోనిస్టు, ఈ సభ సంగతి విని, ఆ ఉదయమే మాచర్ల వెళ్ళిపోయాడట.

"ఈ ఒక్కటీ అట్టా పాడెయ్ తాతా."

"ఎట్టా? ఉత్తగానా? పెద్దమనుషుల ముందర గుడ్డల్లేకుండా నిలబడమంటావా?"

బాబాయి అప్పటికే కుర్చీ దిగి చాప మీద కూర్చుంటున్నాడు. ప్రార్థన అయింది. చప్పట్లు తాతకి పడ్డాయి. బాబాయి కుర్చీ ఎక్కాడు. ఇంతలో రాజుగారు సన్మాన పద్యాలకి లేచాడు. (పద్యాన్ని రాగం తియ్యకుండా చదవడమంటే మావైపు వచనం కింద లెక్క.) బాబాయి మళ్ళీ దిగాడు. 'నీ అంగుళీ లాస్యమున' అంటూ రాజుగారు తనని పొగుడుతుంటే, దానికి తనే తల వంచుకుని తీగె కలిపాడు. రాజుగారి గొంతు పై స్థాయిలో జారితే గొట్టం ముక్క దాన్ని పట్టుకుంది. "వన్స్ మోర్!" అన్నారు జనం. తన పొగడ్తని తనే రెండోసారి వాయించాడు. ఆ తరవాత బడిపిల్లల స్వాగతానికి దిగాడు, ఎక్కాడు. చర్చి స్త్రీల కీర్తనకి దిగాడు, ఎక్కబోతుంటే దండ తీగెల్లో చిక్కుకుంది. ప్లీడరుగారు ప్రతిసారీ లేచి, "సన్మానితులు దయచేసి కిందికి దిగవలసిందిగా ప్రార్థన" అని ప్రకటిస్తూ వచ్చాడు. కోర్టులో కూడా ఆయనది ఇదే ధోరణి అని విన్నాను.

మద్రాసాయన గడియారం తీసి చూసుకున్నాడు. "ఏమండీ, ఇంతమంది పాడారు. మీరు చెప్పిన గిటారాయన ఎప్పుడు వాయిస్తాడు?"

 ఇందాకటినుంచీ వాయిస్తూనే ఉన్నాడని ఆయనకి చెప్పడం ఎట్లా? వేదిక దగ్గరికి పరుగెత్తి, "బాబాయ్, ఇప్పుడు నువ్వొక్కడివే" అన్నాను.

"పాడేదెవరు?"

"ఎవరూ పాడరు. నువ్వే."

బాబాయి నా ముఖంలోకి అట్లా చూశాడు, తలుపు చెయ్యమని చెప్పి గోడ లేదన్నట్టు. తరవాత పిన్ని వైపు చూశాడు. ఆవిడ తల ఊపింది. గొట్టం ముక్క తీగె మీద ఆనింది.

రెండు పలుకులు పలికి ఆగింది. మళ్ళీ ఒక చిన్న మలుపు, మళ్ళీ పెద్ద ఖాళీ. ఆ ఖాళీ చివర సన్నగా ఒక సాగదీత, ఎవరికో దారి ఇస్తున్నట్టు మళ్ళీ తప్పుకోవడం.

"మొదలెట్టాడా?" అన్నాడు ప్లీడరుగారు గుసగుసగా.

"శృతి చేసుకుంటన్నాడేమో లెండి" అన్నాడు సైకిల్ మామ. తీగెలు తనవి గనక కాస్త కంగారుపడుతూ.

నాకప్పుడు విషయం తెలిసింది. బాబాయి పాతికేళ్ళుగా నేర్చింది పక్కవాద్యం. ఇప్పుడూ అదే వాయిస్తున్నాడు, తూచా తప్పకుండా. పాటొక్కటే లేదు. గాయకుడు ఉండవలసిన చోట గాయకుడంత ఖాళీ. ఊపిరికి చోటు కూడా వదిలాడు. మద్రాసాయన గొడుగు చేతిలోకి తీసుకున్నాడు.

అప్పుడు పిన్ని లేచింది. లేచానని ఆవిడకి తెలుసని నేననుకోను. ఆ ఖాళీలోకి, తన చెప్పుల్లో తను కాళ్ళు పెట్టినంత మామూలుగా, రోజూ వంటింట్లో పాడుకునే కీర్తన ఎత్తుకుంది. అదే క్షణాన అవతలి బెంచీలోంచి రాజుగారు, అది తన యుద్ధం పద్యానికి ఎత్తుగడేనని నిశ్చయించుకుని, చెయ్యెత్తి గర్జించాడు. భజన తాత చిడతలు బయటికి వచ్చాయి. మూడు పాటలకీ పోలిక లేదు, పొత్తు లేదు. ఆశ్చర్యమేమంటే ముగ్గురూ సరిగ్గానే పాడుతున్నట్టు వినిపించింది. మరీ ఆశ్చర్యమేమంటే, బాబాయి వాయిస్తున్నది తన ఒక్కరికేనని ముగ్గురి ముఖాల్లోనూ ఉంది. తరవాత ఎవరూ ఆగలేదు. ఏదో ఒక పెళ్ళిలోనో పేరంటంలోనో ఆయన పక్కన పాడినవాళ్ళే హాలంతా. బడిపిల్లలు స్వాగతం ఎత్తుకున్నారు. సైకిల్ మామ తన పెళ్ళి ఊరేగింపు పాట పాడాడు, రెండు కళ్ళూ తుడుచుకుంటూ. ప్లీడరుగారు ఎవరికీ వినపడకూడదన్నట్టు తాళం మాత్రం వేశాడు. నేనూ పాడాను. (ఏం పాడానో ఇక్కడ రాయను.) కళ్ళు తిప్పి చూద్దును గదా, మద్రాసాయన గొడుగు ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని ఊపుతూ, అరవంలో ఏదో జోలపాట పాడుతున్నాడు.

దూరంగా బండి కూత వేసి వెళ్ళిపోయింది. దాంతో ఆయన ఉలిక్కిపడి నోరు మూసుకున్నాడు.

"ఈయన్ని నేను తీసుకుపోతున్నాను" అన్నాడు నాతో. "మా దగ్గర పాడేవాళ్ళు పక్కవాడి వాద్యం వినపడితే సహించరు. పక్కవాడు లేకపోతే పాడలేరు. నాలుగేళ్ళుగా వెతుకుతున్నానండీ, ఉండీ వినపడని మనిషి కోసం."

పిన్నికి ఈ మాట ఎట్లా చెప్పాలో నాకు తెలియలేదు. ఉద్యోగం వచ్చిందని మాత్రం చెప్పాను.

బాబాయి, పిన్ని మద్రాసు వెళ్ళిన నెలకి రాజుగారికి శృతి లేదన్న సంగతి ఊరికి తెలిసింది. భజన తాత కొన్నాళ్ళు గొంతు బాగాలేదని చెప్పుకుని, తరవాత మానేశాడు. నేను మాత్రం కాఫీ హోటల్లో గ్రామఫోను పక్కన కూర్చుని, మద్రాసులో తయారైన ప్రతి ప్లేటూ వింటూ, గిటారు తగిలిందల్లా బాబాయిదేనని చాటేవాణ్ణి. ప్లేటు మీద గాయకుల పేర్లు తప్ప మరొకరివి ఉండేవి కావు గనక కాదనేవాడు లేడు. ఒక ప్లేటుని, అందులో గిటారు మరీ ముద్దుగా పలికిందని, మా మేనమామకి తెలియకుండా కొని పెట్టెలో దాచుకున్నాను కూడా.

క్రిస్మసుకి వాళ్ళు ఊరొచ్చినప్పుడు హోటల్నుంచి ప్లేట్ల పెట్టెతో సహా గ్రామఫోను ఎత్తుకొచ్చి, వాళ్ళ వసారాలో పెట్టి, ఆ ప్లేటు వేశాను. బాబాయి మర్యాదగా చివరిదాకా విన్నాడు.

"బాగుంది బాబూ. ఇది నేను గాదు."

"ఎట్టా చెబుతావు బాబాయ్?"

"గిటారు వినపడతంది గదా."

తరవాత నేను పక్కన పడేసిన ప్లేట్లు తిరగేసి, "ఇది నాదే. ఇదీ నాదే" అని తీసిచ్చాడు. ఒకటి వేశాం. గాయని గొంతు తప్ప నాకేమీ వినపడలేదు. పిన్ని ముఖం చూడ్డానికి భయమేసింది. ఏళ్ళ తరబడి కోరుకున్నది ఇదేనా అని అడుగుతుందేమో అనుకున్నాను. ఆవిడ బియ్యం చేట పట్టుకుని గడపలో నిలబడి, కాసేపు విని, ఆ గాయనితోపాటు పాడటం మొదలుపెట్టింది. ఆ పాట ఆవిడకి రాదు. అయినా పాడింది.

"ఈయనేలే" అంది, చేట చెరుగుతూ. "లేకపోతే నా నోరెందుకు లేస్తది?"

ఇప్పుడు ఆ ఇద్దరూ లేరు. నాకు ఉద్యోగం రావడం, పింఛను రావడం కూడా అయిపోయాయి. రేడియోలో ఎప్పుడైనా ఆ కాలపు పాట వస్తుంటుంది. పేపరు చదువుకుంటూ, నాకు తెలియకుండానే, నేను కూనిరాగం తీస్తుంటాను. వంటింట్లోంచి మా ఆవిడ, "అబ్బ, కాస్త పాట విననివ్వండి" అంటుంది. నేను ఆపి, చెవి పెట్టి వింటాను. గిటారు ఎక్కడా వినపడదు. అదీ సంగతి అనుకుని, ఆవిడ అటు తిరగగానే మళ్ళీ అందుకుంటాను.