తిరుగు ప్రయాణానికి ఇంధనం

బోయిగూడలో స్నేహితురాలి ఇంటి మెట్లు దిగుతూ జారిపడి చీలమండ విరగ్గొట్టుకున్నాను. ఆరు వారాలు కట్టు. సైనిక్‌పురిలో పై వాటాలో ఒంటరిగా అద్దెకుంటున్నదాన్ని. ఆస్పత్రి నుంచి వచ్చేసరికి ఇంటివాళ్లు కింద తమ ముందుగది ఖాళీ చేసి నాకు మంచం వేసి ఉంచారు.

"పైకి ఎట్ల ఎక్కుతవు బిడ్డా? ఈడనే ఉండు," అన్నారు ఆంటీ.

అంకుల్ వైమానిక దళంలో దారి, ఇంధనం లెక్కలు చూసే నావిగేటర్‌గా చేసి రిటైరయ్యారు. నాలుగో రోజు నేను గోడవైపు తిరిగి పడుకుని ఉంటే ఒక పెద్ద అట్టపెట్టె తెచ్చారు. అందులో యుద్ధం ఆట: గడులు గీసిన సముద్రం మ్యాపులు రెండు, అట్టముక్కల ఓడలు, విమానాలు. నా మ్యాపు మంచం మీద, ఆయనది హాల్లో. ఎవరి ఓడలెక్కడున్నాయో రెండోవాళ్లకు తెలియదు. ఎత్తులు చీటీల మీద రాసిస్తే ఆంటీ రెండూ చూసి తీర్పు చెబుతారు. ఒక్కో ఎత్తు ఆటలో ఒక రోజు లెక్క.

బాంబర్ల పరిధి పది గడులని చూసి, ఎనిమిది గడుల అవతలి రేవు మీదికి అన్నిటినీ పంపాను. ఆంటీ నా విమానాలన్నీ ఏరి పెట్టెలో వేసేశారు.

"అదేంటాంటీ?"

"పది గడులంటే పోనూ రానూ కలిపి. నీయన్నీ సముద్రంల పడ్డయి."

రెండో ఆటలో దూరం సరిగ్గానే లెక్కపెట్టి, ఖాళీ నీళ్ల మీద బాంబులు వేసి వచ్చాను.

"ముందుగాల చూసి రానీకి ఒకదాన్ని పంపొద్దా?" అని హాల్లోంచి నవ్వారు అంకుల్.

పంపాలంటే బాంబర్లలోంచే తీయాలి. దాడికి బలం తగ్గుతుంది. మనసొప్పకపోయినా మూడో ఆటలో ఆరింటిలో రెండింటిని, బాంబుల బరువు లేకుండా ఇంకాస్త దూరం పోయేలా, వెతకడానికే పెట్టాను. రెండు రోజులు ఏమీ కనపడలేదు. మూడోనాడు ఆంటీ చీటీ తెచ్చారు: ఉత్తరాన మూడు ఓడలు. నా రన్‌వే నుంచి ఆరు గడులు. ఒక్క గడి ఎక్కువ. చేతులు దురద పెట్టినా ఆగాను. విమానాలను ముందున్న దీవికి మార్చి, మర్నాడు మళ్లీ వెతికించి కొట్టాను. నాలుగూ తిరిగొచ్చాయి.

అంకుల్ నా గదిలోకి వచ్చి చీటీలన్నీ వరసగా చదివారు.

"మూడో రోజు ఎందుకు ఆగినవ్?"

"తిరిగి రాలేవు కదా అంకుల్."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "నా సర్వీసంత నేను జేసింది గదే బిడ్డా. ఇగ మళ్లుదాం అని చెప్పుడు. ఇంక జెర పోదాం అని పైలట్లు కోపం జేస్తుండిరి. నేను ఒప్పుకోలె. అందరం ఇంటికొచ్చినం."

ఆంటీ గుమ్మంలో నిలబడి ఆయన్నే చూస్తున్నారు. ఆ రోజుల్లో ఎదురుచూసింది ఆవిడే కదా అని నాకప్పుడు తట్టింది.

కట్టు విప్పాక పైకి వెళ్లిపోయాను. ఆ ఆరు వారాలూ వాళ్లు నాకు అన్నం పెట్టారు, జడ వేశారు, గోడవైపు తిరగనివ్వలేదు. ఎలా చెప్పాలో తెలియక ఒక ఆదివారం స్వీట్లు పట్టుకెళ్లాను.

ఆంటీ డబ్బా పక్కన పెట్టేశారు. "గివన్నీ ఎందుకు? నువ్వు జెర చీటీలు చూడు. ఇయ్యాల నేను ఆడ్త."

రెండు వైపుల ఎత్తులూ రోజూ చూసిన మనిషి. చీకటి పడకముందే ఆంటీ చేతిలో అంకుల్ ఓడలన్నీ మునిగిపోయాయి.