దిద్దిన రంగు

ఆ వీధిలో ఫోటో స్టూడియో ఆయన అసలు పేరుతో ఎవరికీ పని పడలేదు. కెమెరా వెనక నిలబడి "నవ్వండి, ఇంకాస్త నవ్వండి" అని పోరుతుంటాడు కనక అందరికీ ఆయన నవ్వండిగారే. తాను మాత్రం నవ్వడు. ముక్కు మీద కోపం, పని మీద పిచ్చి ప్రేమ. ఎవరి మొహం మీదైనా నీడ గోరంత పక్కకు పడితే ఆ పూట ఆయనకి అన్నం సహించదు.

స్టూడియో అంటే మేడ మీద ఒకే గది, కింద మందుల షాపు. ఇరుకు మెట్లెక్కి వస్తే గోడకి బూడిదరంగు తెర, దాని ముందు గుండ్రటి స్టూలు, అటొకటి ఇటొకటి గొడుగు లైట్లు. కస్టమరు కూర్చునే ముందు ఆ స్టూలు మీద ఆయన భార్య కూర్చోవాలి. ఆవిడ మొహం చూసి ఆయన లైట్లు సర్దుకుంటాడు, కెమెరాలో రంగు సరిచేసుకుంటాడు. పెళ్లైన కొత్తలో పడిన అలవాటది. తన లైట్లన్నీ మా ఆవిడ మొహాన్ని బట్టేనని పదిమందిలో చెప్పి మురిసిపోయేవాడు కూడా.

ఆ మొహం మెల్లగా పాలిపోసాగింది. ఆయనకి కనిపించకపోలేదు. అందరికంటే ముందు ఆయనకే కనిపించింది. లైట్లలో పస తగ్గిందనుకుని బల్బులు మార్చాడు. పాత తెర రంగు లాగేస్తోందనుకుని కొత్తది వేశాడు. చివరికి కెమెరాలోనే ఎరుపు కాస్త పెంచి, ఆవిడ మొహం మళ్లీ మామూలుగా కనిపించాక హమ్మయ్య అనుకున్నాడు.

దాంతో వచ్చినవాళ్లందరూ ఎర్రగా పడటం మొదలైంది. బడిపంతులు ఒకాయన తన ఫోటో వెనక్కి తెచ్చి, చెంపలు వాయించి కూర్చోబెట్టినట్టుంది నా మొహం అన్నాడు. నవ్వండిగారు ఆయనతో గంట వాదించాడే తప్ప తన లెక్క తప్పని ఒప్పుకోలేదు. ఊరంతా ఒక్కసారి ఎర్రబడటం ఏమిటని ఒక్క క్షణం ఆగి ఉంటే ఎంత బాగుండేది! ఆగలేదు. ఆ మనిషి స్వభావమే అంత.

ఆవిడకి కడుపునొప్పి కొత్త కాదు. కొన్నేళ్లుగా తిన్నది ఒంటబట్టేది కాదు. విరేచనాలు, అప్పుడప్పుడు వాటితో పాటు నెత్తురు. ఇలాంటివి నలుగురిలో చెప్పుకునే సంగతులా? కింద షాపులో నీరసానికి మందివ్వమని మాత్రం అడిగింది. వాళ్లు ఐరన్ మాత్రలిచ్చారు. వేసుకుంటే కడుపులో తిప్పేది, మానేస్తే ఒళ్లు తూలేది. ఫ్రిజ్‌లో ఐసుముక్కలు తీసి కరకర నమిలేది. నీ నోట్లో ఎండాకాలం ఎప్పటికీ పోదా అని ఆయన ఆటపట్టించేవాడు. మెట్ల మధ్యలో ఆగి గోడ పట్టుకుంటే, పైకి రావడానికి ముహూర్తం చూసుకుంటున్నావా అని అరిచేవాడు. ఆవిడ కూడా నవ్వేసేది. అలా నవ్వేయకుండా ఉండాల్సింది.

ఒక్కసారి మాత్రం నోరు తెరిచి అడిగింది. అదీ స్టూలు మీద కూర్చునే.

"ఏమండీ, మెట్లెక్కితే గుండె దడదడలాడుతోంది. ఒకసారి డాక్టరుకి చూపిద్దామా?"

"కదలకు. ఫోకస్ పోతుంది."

ఆవిడ కదలకుండా కూర్చుంది. ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

ఒక మధ్యాహ్నం ఎవరిదో పెద్ద కుటుంబం వచ్చింది. ఆవిడ పక్కన నిలబడి వెలుతురు తిప్పే తెల్ల అట్ట పట్టుకుంది. ఉన్నట్టుండి ఆ అట్ట వాలిపోయింది. ఆయన ముందు విసుక్కున్నది వెలుతురు పోయినందుకే. తర్వాత చూశాడు, అట్టతో పాటు మనిషి కూడా నేల మీద ఉంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆవిడ కనురెప్ప కిందికి లాగి చూసి వెంటనే పరీక్షలు రాసింది. పరీక్షలయ్యాక ఆయన్ని కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది. పేగు లోపల పుండ్లు పడి ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా నెత్తురు పోతోంది. వాచిన పేగు తిండిలోని ఇనుమునీ, మాత్రల్లోని ఇనుమునీ సరిగా పీల్చుకోలేదు. ఇలాంటివాళ్లకి నరంలోకి ఎక్కించాలి, పేగుకి వైద్యం చేయాలి. పల్చబడిన నెత్తురుతోనే ఒళ్లంతా నడిపించి గుండె అలిసిపోయింది. ఇదెప్పుడు మొదలైందో తెలిస్తే కొంత మేలని అడిగింది.

ఆయన పరుగున వెళ్లి ఏటా పెళ్లిరోజుకి తీసిన ఫోటోలన్నీ పట్టుకొచ్చాడు. డాక్టరమ్మ ఒక్కొక్కటే తిరగేసింది.

"వీటిలో బాగానే ఉన్నారే. పోయినేడు కూడా బుగ్గలు ఎర్రగా ఉన్నాయి."

"ఆ రంగు నేను వేసిందండీ."

"మరి అసలువి?"

దిద్దాక అసలువి చెరిపేయడం ఆయన పద్ధతి. తలదించుకున్నాడు. ముందే తీసుకురావాల్సిందని డాక్టరమ్మ అనలేదు. ఆయనకి మాత్రం ఆ మాట వినపడుతూనే ఉంది.

నెత్తురు ఎక్కించారు, ఇనుము ఎక్కించారు. ఆవిడ పెదాలకి కాస్త రంగొచ్చింది. మంచం పక్కనే కళ్లార్పకుండా చూస్తూ కూర్చున్నాడాయన. కెమెరా లేకుండా ఆవిణ్ణి అంతసేపు చూడటం అదే మొదలేమో.

"ఇప్పటికి బాగుపడ్డాయా మీ లైట్లు?" అంది ఆవిడ నవ్వుతూ.

ఆ రంగు ఎన్నాళ్లో నిలవలేదు. అలిసిన గుండె మళ్లీ కోలుకోలేదు, వానలు పట్టేలోపే ఆవిడ పోయింది.

గోడకి పెట్టడానికి ఫోటో కావాల్సి వచ్చింది. పెళ్లిరోజు ఫోటోల్లో ఏది తీసినా ఆరోగ్యం ఉట్టిపడే ఎవరో మనిషి ఆయన వంక చూసి నవ్వుతోంది. చూడలేకపోయాడు. చివరికి ఎవరెవరివో కుటుంబాల ఫోటోలు వెతికాడు. కెమెరాలో ఎరుపు పెంచక ముందు తీసి, ఇంకా దిద్దనివి, అంచులు కత్తిరించనివి కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకదాని పక్కన, కత్తిరించి పారేయాల్సిన చోట, తెల్ల అట్ట పట్టుకుని ఆవిడ నిలబడి ఉంది. అట్టకీ మొహానికీ పెద్ద తేడా లేదు. ఆ కుటుంబాన్ని తీసేసి ఆవిణ్ణి ఉంచాడు. ఎక్కడా చెయ్యి పెట్టకుండా అలాగే ఫ్రేము కట్టాడు.

పక్కింటి పెద్దావిడ పలకరించడానికి వచ్చి ఆ ఫోటో చూసి నొచ్చుకుంది.

"ఇంత పనిమంతుడివి, కాస్త రంగు దిద్దలేకపోయావా నాయనా?"

"దిద్దానమ్మా," అన్నాడాయన. "అన్నేళ్లూ అదే పని చేశాను."