మిలిటరీ ఆయన మాట

మా నాయన మిలిటరీలో లారీ డ్రైవరు. సర్వీసంతా మంచు కొండల్లో బండి తోలి, రిటైరై మా ఊరికొచ్చినాడు. మాది యాడికి టౌను పక్కన పల్లె. వచ్చిన కొన్నాళ్లకే ఆయన పేరు పోయి ‘మిలిటరీ ఆయన’ అయిపోయినాడు. టీ హోటల్‌కు పోతే బెంచీ మీద ఎవరో ఒకరు లేచి చోటిచ్చేవాళ్లు. వానలు ఎప్పుడు పడతాయన్నదొక్కటి తప్ప మిగతావన్నీ ఆయన్నే అడిగేవాళ్లు. పెట్రోలు రేటు, ఎలక్షన్లు, పక్క దేశం, మన ఎమ్మెల్యే, అన్నిటికీ నాయన దగ్గర జవాబుండేది.

నేను తాడిపత్రిలో టీచరుగా చేస్తా, ఆదివారాలు ఊరికి పోయేదాన్ని. నాయన చెప్పేదాంట్లో సగం నాకు సరిపడేది కాదు. “అది అట్ల కాదు నాయనా” అని మొదలుపెడితే చాలు, “నువ్వు బార్డరు సూసినావా పాపా?” అనేవాడు. అంతే. దానికి నా దగ్గర ఏముంటుంది? అమ్మ వంటింట్లోంచి, “బార్డరు సూస్తే బడ్జెట్టు తెలుస్తాదా?” అని అరిచేది. దానికి నాయన నవ్వి, మీసం దువ్వుకునేవాడు.

అట్లుండగా సోలార్ కంపెనీవాళ్లు మా ఊరి మెట్ట భూములు లీజుకు అడగనీకి వచ్చినారు. ఒక పార్టీ ఇయ్యండనింది, ఇంకో పార్టీ ఇయ్యొద్దనింది. నాయన ఇయ్యాలనే పక్షం. “దేశానికి కరెంటు కావల్ల” అన్నాడు. ఆ ఒక్క మాటతో ఊర్లో సగం మంది సరే అనేసినారు. వాళ్లలో చానామంది తమ చేను గురించి ఆలోచించి ఒప్పుకున్నోళ్లు కాదు, మిలిటరీ ఆయన చెప్పినాడు గదా అని ఒప్పుకున్నారు.

అప్పుడు వద్దనే పార్టీవాళ్లు ఇంకో మిలిటరీ ఆయన్ను పిలుచుకొచ్చినారు. పక్క పల్లెలో మేకలు పెంచుకుంటా ఉండే మనిషి, మా నాయన కన్నా కొంచెం పెద్ద. తుపాకి పట్టి బార్డర్లో కాపలా కాసినోడు. ఒక ఆదివారం చర్చి అయినాక, అదే తెల్ల చొక్కాతో మా ఊరి టీ హోటల్ ముందర బండి దిగినాడు. ఊరంతా చేరింది. అమ్మా నేనూ పోయినాం.

ఆయన కూర్చోకముందే నాయన్ను అడిగినాడు. “ఏమప్పా, గుట్ట కింద భూమికంతా కంచె ఏస్తే మేకలు యాడ మేయల్ల?”

“మేకల కోసరం దేశం ఆగుతాదా అన్నా? బార్డర్లో పనిచేసినోన్ని నేను చెప్తాండా.”

“నేనూ ఆడే ఉంటి గదప్పా. నువ్వు బండిలో కూచోనుంటివి, నేను మంచులో నిలబడితి.”

జనం గొల్లుమన్నారు. నాయన మొహం చిన్నబోయింది. నవ్వాలో, పోయి ఆయన పక్కన నిలబడాలో నాకు తెలియలేదు.

ఆ తర్వాత ఇద్దరికీ వేడి పుట్టింది. వేడి పుట్టేకొద్దీ ఇద్దరూ హిందీలోకి పోయినారు. సర్వీసులో కొట్లాటలన్నీ ఆ భాషలోనే నేర్చుకునుంటారు. మాకు సగం కూడా అర్థం కాలేదు. “ఏమంటాండారన్నా?” అని అందరూ హోటలాయన మీద పడినారు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే మనిషి. టీ వడగడతానే చెప్పుకొచ్చినాడు. “వానల్లేని భూమిని పట్టుకోని పిల్లోళ్లు ఎన్నాళ్లు బెంగళూరుకు కూలికి పోవల్లని ఈయన అడుగుతాండాడు. కంచె పడితే సెంటు భూమి లేనోళ్లు ఏం తినల్లని ఆయన అడుగుతాండాడు.”

హోటలాయన నోట్లోంచి వచ్చేసరికి ఆ మాటల్లో బార్డరూ లేదు, మంచూ లేదు. రెండూ న్యాయమైన మాటలే అనిపించినాయి. నిజం చెప్పాలంటే నాయన అంత బాగా మాట్లాడింది అదే మొదటిసారి. నేను కూడా నోరు తెరిచినా. “గుట్ట వారనుండే భూములు ఇడిసిపెట్టి, రోడ్డు పక్కవి ఇస్తే కాదా?” అన్నా.

నాయన నా వైపు తిరిగినాడు. “రోడ్డు పక్కన ఎవురెవురి చేన్లు ఉండాయో తెలుసునా నీకు?”

జవాబు చెప్పనీకి వీలుండే ప్రశ్న. చెప్పినా. విన్నాడు.

ఆ కొట్లాటలో ఎవరూ గెలవలేదు. కొందరు భూమి ఇచ్చినారు, కొందరు ఇయ్యలేదు. నాయన రోడ్డు పక్క చేను లీజుకిచ్చి, గుట్ట వారనుండేది బీడుగానే వదిలేసినాడు. “మేకలాయన కోసమా నాయనా?” అని అడిగితే, “ఆయన కోసరం ఏం గాదు. అదంతా రాళ్ల నేల, కంపెనీకి పనికిరాదు” అన్నాడు. కంపెనీవాళ్లు మొదట అడిగింది ఆ నేలనే.

మేకలాయన ఇప్పుడు చర్చి నుంచి నేరుగా మా ఇంటికే వస్తాడు. అమ్మ సంగటి చేస్తుంది. ఇద్దరూ ప్రతిదానికీ కొట్లాడతారు, మంచు సంగతి వచ్చినప్పుడు మాత్రం ఒకటవుతారు. వాళ్లు పడిన చలి, ఆడ పోగొట్టుకున్న స్నేహితులు. ఆ మాటలు వచ్చినప్పుడు నేనూ అమ్మా గమ్మున వింటాం. మాకు తెలియని చోటికి వాళ్లు పోయొచ్చినారు, ఆ గౌరవం వాళ్లదే. మళ్లీ ఎమ్మెల్యే మాట వస్తే మాత్రం నేనూ కుర్చీ దగ్గరికి లాక్కుంటా.

మొన్న ఎలక్షన్లప్పుడు బూత్ దగ్గర ఎండలో పెద్ద క్యూ ఉండింది. “మీరు ముందుకు రాండి సార్” అని వాళ్లూ వీళ్లూ నాయన్ను పిలిచినారు. వద్దంటాడేమో అనుకున్నా. సంబరంగా పోయినాడు. ఓటేసొచ్చి, గొడుగు విప్పి, అమ్మ వంతు వచ్చేదాకా ఆమె నెత్తిన పట్టుకోని నిలబడినాడు.

“ఎవరికేసినావు?” అని అమ్మ మెల్లగా అడిగింది.

“అది రహస్యం. చెప్పకూడదు.”

“అయితే నాదీ చెప్పను పో” అని ఆమె గొడుగు కింద ఇంకొంచెం దగ్గరికి జరిగింది.