రేకు కొలతకు సరిపోయిన మెమరీ

పాత ల్యాప్‌టాప్‌ను పారేయమని నాకు చెప్పనివాళ్లు లేరు. ట్యూషన్ పిల్లల తల్లులు చెప్పారు, పక్కింటివాళ్లు చెప్పారు, ఆఖరికి ఆ ల్యాప్‌టాప్ కూడా తనకు చేతనైన భాషలో చెప్పింది. క్లాసు మధ్యలో బొమ్మ ఆగిపోయేది. నా నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయేది. అవతల పదో తరగతి పిల్లలు ఆ బొమ్మను ఫోన్లో పట్టుకుని ఒకరికొకరు పంపుకునేవారు. నేను నిజామాబాద్‌లో ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో లెక్కలు చెబుతాను. క్లాసు నడిపే ప్రోగ్రాం ఏడాదికేడాది బరువెక్కుతోంది, నా మిషన్ మోయలేకపోతోంది. కొత్తది కొనుక్కోలేక కాదు. ఇది అక్క కొనిచ్చింది.

అక్క నాకంటే పదకొండేళ్లు పెద్ద. మా అవ్వ, అంటే అమ్మ, పోయేనాటికి నేను ఐదో తరగతి. అప్పటినుంచి నాకు జడ వేసింది, అన్నం పెట్టింది, బడికి ఎగ్గొడితే వీపు సాపు చేసింది అక్కే. రాత్రి ఆమె కొంగు గుప్పిట్లో లేకపోతే నాకు నిద్ర పట్టేది కాదు. ఇప్పటికీ బోధన్‌లోనే ఉంటుంది. బావ చెరుకు ట్రాక్టరు నడుపుతాడు, అక్క బీడీలు చేస్తుంది. నా ఎమ్మెస్సీ పూర్తయిన ఏడాది తన బీడీల పీఎఫ్ తీసి ఈ ల్యాప్‌టాప్ కొన్నది. దుకాణంలో మూత తెరిచి చూడమంటే, చేతులకు బీడీల్లో కూరే తంబాకు వాసనుందని ముట్టుకోలేదు. "నువ్వే తెరువు, నేను సూస్త" అని పక్కన నిలబడింది.

ఆ అక్క నా ఇంటి గడప తొక్కి నాలుగేళ్లు దాటింది. కొట్లాట అంటూ ఏమీ జరగలేదు. కొట్లాట జరిగి ఉంటే ఈపాటికి నాలుగుసార్లు రాజీ అయ్యేవాళ్లం. ఫోన్ చేస్తే "మంచిగున్నవా" అంటుంది, "మంచిగున్న" అంటాను, బావ సంగతి అడుగుతాను, పెట్టేస్తాం. మా మధ్య ఇంకా ఏదో మిగిలి ఉందని చెప్పుకోవడానికి నా దగ్గరున్నది ఈ ఒక్క వస్తువు. దాన్ని కూడా పాత సామాన్ల బండిలో వేసేస్తే ఇక ఆమెకు నేనేమవుతానో నాకు తెలియదు.

మెమరీ పెంచితే ఇలాంటి పాత మిషన్లు మళ్లీ పరిగెత్తుతాయని ఎక్కడో చదివి, ఒక పొద్దున దాని కింది మూత విప్పాను. మెమరీ ముక్కలు పెట్టే స్లాట్లు రెండున్నాయి. ఒకదాంట్లో వేలెడు పొడుగు ఆకుపచ్చ ముక్క ఉంది, రెండోది ఖాళీగా ఉంది. ఉన్న ముక్కను ఊడదీసి, చేతిరుమాలులో చుట్టుకుని, పాత కంప్యూటర్ల విడిభాగాలు అమ్మే గల్లీకి పోయాను.

మా ఇంట్లో కొలత అంటే రేకు. బీడీలు చుట్టే తునికాకును తడిగుడ్డలో ఉంచి మెత్తబరుస్తారు. మెత్తబడిన ఆకు మీద చిన్న రేకు ముక్క పెట్టి చుట్టూ కత్తెర ఆడిస్తారు. రేకుకు సరిపోతే ఆకు పనికొచ్చినట్టు, లేకపోతే లేనట్టు. అక్క కత్తిరించి చుడుతుంటే నేను దారం కడుతూ పెరిగాను. బడిలో నేర్చింది లెక్కలైనా, చేతులు నేర్చింది ఆ రేకునే. దుకాణంలో కొత్త ముక్కను పాత ముక్క మీద పెట్టి చూశాను. పొడుగు సరిపోయింది. వెడల్పు సరిపోయింది. అడుగున ఉండే గాటు కూడా గాటు మీద గాటు కూర్చుంది. మీద అంటించిన కాగితంలో ఏవో అంకెలూ అక్షరాలూ ఉన్నాయి గానీ, రేకుకు సరిపోయాక ఆకు మీద రాత ఎవరు చదువుతారు? కొనేశాను.

ఇంటికొచ్చి రెండు ముక్కలూ రెండు స్లాట్లలో పెట్టి మీట నొక్కాను. దీపం వెలిగింది, ఫ్యాను తిరిగింది, తెర మాత్రం నల్లగా ఉండిపోయింది. కొత్తదాన్ని తీసేశాను. పాతది తీసి తుడిచి మళ్లీ పెట్టాను. పొద్దున దాకా పనిచేసిన ముక్క అది. అయినా తెర నల్లగానే ఉంది. పిల్లలకు రోజూ చెబుతాను, ఒకసారికి ఒక్కటే మార్చి చూడండి, తప్పెక్కడుందో తెలుస్తుంది అని. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, ఏది ఎక్కడ పెట్టానో చూసుకోకుండా పదిసార్లు తీసి పదిసార్లు పెట్టాను. బాగున్నదాన్ని విప్పి నా చేతులతో నేనే చంపేశాననుకున్నాను. వస్తువుల కోసం ఏడ్చే మనిషిని కాను నేను. ఆ రోజు ఏడ్చాను.

అక్క ఎందుకు రావడం లేదో ఇక్కడ చెప్పకపోతే ఆ ఏడుపు అర్థం కాదు.

కరోనా వచ్చి అన్నీ బందయిన రోజుల్లో నేను బోధన్‌లో అక్క దగ్గరే ఉన్నాను. పగలంతా ఇద్దరం అరుగు మీద ఒకే చాప మీద కూర్చునేవాళ్లం. ఆమె ఒళ్లో ఆకులు, తంబాకు ఉన్న చాట. నా ఒళ్లో ల్యాప్‌టాప్. నేను సమీకరణాలు చెబుతుంటే ఆమె చప్పుడు చేయకుండా చుట్టేది, దగ్గొస్తే కొంగు అడ్డం పెట్టుకునేది. క్లాసయ్యాక "గా పోరడికి అర్థమైనట్టు లేదే, మల్లొకసారి చెప్పు" అనేది. లెక్క ఆమెకు తెలియదు, గొంతు తెలిసేది. నా జీవితంలో అంత హాయిగా పనిచేసిన రోజులు మళ్లీ రాలేదు. అప్పుడు ఆ సంగతి నాకు తెలియదు.

ఒకరోజు ఒక పిల్లాడి తల్లి ఫోన్ చేసి, మేడమ్ వెనకాల ఎవరో బీడీలు చుడుతూ కనబడుతున్నారు, పిల్లలు చూస్తున్నారు అన్నది. మర్యాదగానే అన్నది. నాకు ముఖం మాడిపోయింది. మరుసటి రోజు క్లాసుకు ముందు తెరను అటు తిప్పాను, ఇటు తిప్పాను. ఎటు తిప్పినా ఓ మూల అక్క భుజం కనబడుతూనే ఉంది. అప్పుడన్నాను.

"జర దూరం కూసో అక్కా. తంబాకు మిషన్ల పడ్తది."

తంబాకు ఒక సాకు. సిగ్గుపడ్డానని చెప్పుకోలేక తంబాకు మీద పెట్టాను. అక్క తెలివితక్కువది కాదు. చాట ఎత్తుకుని అరుగు ఆ చివరికి పోయింది. మరునాటినుంచి చాట పట్టుకుని పక్కింటి అరుగు మీదికి పోయి అక్కడే చేసుకుంది. బీడీలు చేసే ఆడవాళ్లు ఎవరి పక్కన కూర్చుంటారో ఏళ్లతరబడి ఆ పక్కనే కూర్చుంటారు. ఆ చోటు మారిందంటే ఇంటింటా దాని గురించే మాట్లాడుకుంటారు. ఎందుకొచ్చినవని పక్కింటివాళ్లు అడిగితే, మా చెల్లె పని చేసుకుంటుంది, సప్పుడైతది అని చెప్పిందట. ఆ తర్వాత ఎప్పుడూ నా పక్కన కూర్చోలేదు.

మెమరీ ముక్కలు రెండూ, నోరు మూసుకున్న ల్యాప్‌టాపూ సంచిలో వేసుకుని బస్టాండు వెనక ఒక రిపేరు దుకాణానికి పోయాను. వాళ్లది తరాలుగా గడియారాలు బాగుచేసిన ఇల్లట. అతనికి యాభై ఉంటాయి. తండ్రి వాడిన కంటి అద్దాన్నే కంటికి పెట్టుకుని కంప్యూటర్లు చూస్తాడు. నన్ను అక్కా అని పిలిచాడు. అందరూ పిలిచే పిలుపే. అయినా ఆ రోజు విన్నప్పుడల్లా ఎక్కడో గుచ్చుకుంది.

నేను కొన్న ముక్కను ఒక్క చూపు చూసి పక్కన పెట్టేశాడు.

"సైజు ఒక్కటే అక్కా. కరెంటు వేరే. మీ మిషను తక్కువ ఇస్తది, గీ ముక్కకు ఎక్కువ గావాలె. ఎంతసేపు కూసున్నా లేవదు."

కాగితం మీద రాసి ఉందని చూపించాడు. నిజంగానే రాసి ఉంది, నేను చదవని ఆ అంకెల్లోనే. మరి పాతది ఎందుకు పనిచేయడం లేదని అడిగాను. అతను నాలా కంగారు పడలేదు. పాత ముక్కను మొదటి స్లాట్‌లో పెట్టి మీట నొక్కాడు. తెర వెలిగింది. అక్కడున్న స్టూలు మీద కూలబడ్డాను. తీసి రెండో స్లాట్‌లో పెట్టాడు. నల్లగా ఉండిపోయింది. కంగారులో నేను పాతదాన్ని రెండో స్లాట్‌లో పెట్టుకుని, మిషన్ చచ్చిందని ఏడ్చానన్నమాట. ఒక తప్పు కొత్త ముక్కలో ఉంటే, ఇంకొకటి ఆ రెండో స్లాట్‌లో ఉంది.

అద్దం పెట్టుకుని ఆ ఖాళీ స్లాట్‌లోకి చూశాడు. సన్నని బ్రష్షుతో గీరి, రాలిన పొడిని తెల్లకాగితం మీదికి దులిపాడు. గోధుమరంగు పొడి. కొంచెం వేలికి అద్దుకుని వాసన చూశాడు.

"ఇది మట్టి గాదక్కా, తంబాకు. మీ ఇంట్ల బీడీలు చేస్తరా? మా అమ్మి సుత చేస్తుండె."

తలూపాను. కాగితం నా ముందుకు జరిపాడు. ఇన్నేళ్ల తర్వాత కూడా వాసన ఉంది. అక్క చేతుల వాసన, మా చాప వాసన, నేను నిద్రలో పట్టుకున్న కొంగు వాసన. నేను చెప్పిన సాకు అబద్ధం కాదని ఆ కాగితం రుజువు చేసింది. నిజంగానే తంబాకు మిషన్‌లో పడింది. నా మాటే నిజమైంది, నాకు మాత్రం తల ఎత్తబుద్ధి కాలేదు. ఆమె నా పక్కన అంత దగ్గరగా కూర్చున్న రోజులున్నాయి కాబట్టే అది లోపలికి పోయింది.

స్పిరిట్ పెట్టి స్లాట్ తుడిచి, తక్కువ కరెంటుతో నడిచే ముక్క వెతికి పెట్టాడు. రెండూ కలిసి పనిచేశాయి. ఆ కాగితం ఉండలా చుట్టి పారేయబోతుంటే నాకిమ్మని అడిగాను. ఎందుకని అడగలేదు. మందు పొట్లంలా మడిచి ఇచ్చాడు.

ఇంటికొచ్చి అక్కకు ఫోన్ చేశాను. నువ్వు కొనిచ్చిన ల్యాప్‌టాప్ ఆగిపోయిందని, బాగుచేయించానని, లోపలినుంచి తంబాకు వచ్చిందని చెప్పాను. సంతోషంగా చెబుతున్నాననే అనుకున్నాను.

"నేను దూరమే కూసున్న కదనే" అన్నది అక్క.

నాలుగేళ్లుగా నేనన్న ఆ మాట ఆమె ఒంట్లో అలాగే ఉంది. నేరం చేసినదానిలా నాకు సంజాయిషీ చెబుతోంది, నాకు జడ వేసిన మనిషి. గట్ల కాదక్కా, గట్ల కాదక్కా అని రెండుసార్లు అన్నాను. మిగతాది ఫోన్లో చెప్పేది కాదు.

ఆదివారం బోధన్ బస్సెక్కాను. ఎడపల్లి దాటాక చెరుకు ట్రాక్టర్ల వెనక బస్సు నత్తనడక నడిచింది. కొత్తగా పుంజుకున్న ల్యాప్‌టాప్‌ను సీటు పక్కన పెట్టక ఒళ్లోనే పట్టుకున్నాను.

అక్క అరుగు మీద ఒక్కతే ఉంది. వేళ్లు నెమ్మదించాయి. దగ్గు పెరిగింది. అన్నం తిన్నవా అని అడిగింది. నాలుగింటికి పిల్లలకు క్లాసుంది. అందుకే ఆమె పక్కన చాప మీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచాను. మూత లేస్తుండగానే అక్క, నా వైపు చూడకుండానే, చాటను ఎడమచేత్తో మూరెడు దూరం నెట్టింది. మనసు పెట్టి చేసింది కాదు, చెయ్యి దానంతట అదే చేసింది. నేను చాటను వెనక్కి లాగి నా మోకాలికి ఆనించాను.

"పడ్తదే" అన్నది.

"పడనీ. గప్పుడు సిగ్గయి అన్న అక్కా. తంబాకుకు భయపడి కాదు."

అక్క చుడుతున్న బీడీ ఆపింది. "నాకెరుకనే" అని మళ్లీ చుట్టడం మొదలుపెట్టింది.

నాలుగైంది. పిల్లలు ఒక్కొక్కరే వచ్చారు. తెర మూల చిన్న గడిలో నా ముఖం, దాని పక్కన అక్క ముఖం. ఆమెకు కూడా కనబడింది. కొంగు సర్దుకుని, చాట ఎత్తుకుని లేవబోయింది. నేను తెర మీంచి చూపు తిప్పకుండా ఆమె కొంగు పట్టుకున్నాను. ఇంకో చేత్తో త్రిభుజం గీసి, నిన్న ఎక్కడ ఆపామో పిల్లల్ని అడిగాను. క్లాసు అయ్యేదాకా వదల్లేదు.