బూట్ల కోసం వచ్చిన కెప్టెన్

నా కాలు విరగ్గొట్టింది మా కాలనీ పెద్దమనుషులు. ప్రజాసేవ మీద మీటింగని నాచారం గ్రౌండులో టెంటు వేసి, గుంజల కోసం తవ్విన గుంతలు పూడ్చకుండానే పోయారు. క్యాచ్ కోసం వెనక్కి ఉరికి ఒక గుంతలో పడ్డాను. మోకాలి కింద రెండు ఎముకలూ విరిగాయి.

అప్పటి నుంచి మంచం మీదే ఉన్నాను. టీం వాళ్లెవరూ ఇటు రాలేదు. ఈ రోజు సాయంత్రం కెప్టెన్ శ్రీనన్న వచ్చేసరికి ప్రాణం లేచి వచ్చింది. ఆ గుంతల గురించి నేను రాసిన కరపత్రం చదివి వినిపిస్తుంటే, ఆయన చూపు మూలకున్న నా బూట్ల మీదే ఉంది.

"తమ్మీ, అవి నీకు ఇప్పట్ల అక్కరకు రావు గదా. ఆదివారం ఉప్పల్ టీంతోని మ్యాచున్నది. నీ జాగల వచ్చినోనికి బూట్లు లేవు."

"మరి గుంతలు పూడ్చిన్రా అన్నా?"

"ఏడ పూడుస్తరు? జర సూసుకొని ఉరకమన్నం."

బూట్లు ఇచ్చేశాను. అమ్మ పెట్టిన చాయ్ కూడా తాగకుండా పోయాడు. కాలు ఎట్లుందని అడగనేలేదు. కరపత్రం నిండా సంఘీభావం అని రాసుకున్నాను. మా టీంలో అది నా బూట్ల దాకానే వచ్చింది. ఈ గ్రౌండులో ఆడే మిగతా టీంల వాళ్లారా, మీ టీంలలో ఎందాక వచ్చిందో చెప్పండి.

ఆదివారం పొద్దున ఆరింటికి, మ్యాచ్ మొదలు కాకముందే, పారలు, గంపలు పట్టుకుని గ్రౌండుకు రండి. చంకకర్రల మీద నేనూ వస్తాను. ఇంకెవరూ రాకపోయినా, నా బూట్లు తొడుక్కున్న తమ్ముడా, నువ్వు రా. ఈసారి ఆ క్యాచ్ నీ వైపే వస్తుంది.