మంగళవారం సెలక్షన్

మీ అమ్మాయి ఆటకు బయలుదేరితే మీరు పంచాంగం చూస్తారా? ఈ అరబ్బు దేశంలో, ఫింటాస్ వెళ్ళే బస్సులో నా పక్కన కూర్చున్న రాయచోటి మనిషి చూస్తాడు. ఒకప్పుడు కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో గోల్‌కీపరు నుంచి ఫార్వర్డు దాకా అన్ని చోట్లా ఆడినవాడు, కార్గిల్‌లో పోరాడినవాడు. ఇప్పుడు ఇక్కడే అల్ రాయ్ అనే పేటలో గోడౌనుకు కాపలా. ఊళ్ళో కూతురికి కాలేజీ జట్టు సెలక్షన్ ఉందట.

"మంగళారం పెట్నారు సార్. పోవద్దని చెప్పినా."

"మీరు యుద్ధానికి ఏ వారం వెళ్ళారు?"

"వారం జూసి పిలుస్తారా సార్? ఆర్డరు వచ్చింది, పోయినా."

ఆ మాట తనకే తగిలినట్టుంది. ఫోన్ తీశాడు.

"పాపా, సెలక్షన్‌కు పో. బాగా ఆడు." నేను ఊపిరి పీల్చుకునేలోపే, "రాహుకాలం దాటినాంక పో" అన్నాడు.

సెలక్షన్ సరిగ్గా రాహుకాలంలోనేనట. ఆమె ఆడిందో లేదో నాకు తెలియదు.

మీరు మాత్రం పంచాంగం మూసేయండి. మీ అమ్మాయిని వేళకు మైదానానికి పంపండి.